ఇంగ్లీషు మాటకు ఇంట్లోనే అర్థం: చిన్నపిల్లలున్న ఇళ్ళకు పదహారు చిట్కాలు

నర్సరీలో చేరిన కొద్ది రోజులకే పిల్లలు ఇంగ్లీషు రైమ్స్ గడగడా అప్పజెబుతారు. రంగులు, పండ్లు, వారాల పేర్లు వరసగా చెప్పేస్తారు. మధ్యలో ఆపి ఒక మాటకు అర్థం అడిగితే మాత్రం మన మొహంలోకి చూస్తారు. నోటికి రావడం వేరు, బోధపడటం వేరు. తరగతి నిండా పిల్లలున్న టీచరు ఒక్కొక్కరికీ ప్రతి మాటా విప్పి చెప్పలేరు. ఇంట్లో ఆ పని తేలిక. రోజువారీ మాటలు చెప్పే వస్తువులూ పనులూ అన్నీ మన వంటింట్లో, వరండాలో, పెరట్లోనే ఉన్నాయి.

ఇంగ్లీషు మాట పక్కన ఒక తెలుగు మాట పెట్టినంత మాత్రాన పిల్లలకు అర్థం తెలిసినట్టు కాదు. ఆ మాట వెనకున్న వస్తువో, పనో, అనుభవమో ముందు వాళ్ళ మనసులో ఉండాలి. అది తెలుగులో బాగా తెలిసి ఉంటే దాని ఇంగ్లీషు పేరు త్వరగా వంటబడుతుంది. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఈ చిట్కాలు రాశాను. అమ్మానాన్నలే కాదు, అమ్మమ్మలు, తాతయ్యలు, నానమ్మలు కూడా వీటిని వాడుకోవచ్చు.

1. అర్థం చెప్పే ముందు, ఆ మాట ఎక్కడ విన్నారో అడగండి

“అమ్మా, లెఫ్ట్ అంటే ఏంటి?” అనగానే “ఎడమ” అనేస్తాం. కానీ టీచరు “హౌ మెనీ ఆర్ లెఫ్ట్?” అని అడిగి ఉంటే అక్కడ అర్థం ‘ఎన్ని మిగిలాయి’ అని. ‘ద బస్ లెఫ్ట్’ అంటే బస్సు వెళ్ళిపోయిందని. ‘బ్యాట్’ క్రికెట్ బ్యాటూ కావచ్చు, గబ్బిలమూ కావచ్చు. ‘లైట్’ దీపమూ కావచ్చు, తేలిక అనే అర్థమూ కావచ్చు. అందుకని “ఎవరన్నారు నాన్నా? అప్పుడు మీరేం చేస్తున్నారు?” అని అడగండి. వాక్యమంతా తెలిశాక ఆ సందర్భానికి సరిపోయే అర్థం ఒక్కటే చెప్పండి. మిగతావి ఎదురైనప్పుడు చెప్పుకోవచ్చు.

2. వస్తువు పేరైతే వస్తువునే చేతికివ్వండి

స్పూన్, ప్లేట్, బకెట్, బ్రూమ్, సోప్, టవల్, పిల్లో. వీటికి మాటలతో అర్థం చెప్పే పనే లేదు. చేతిలో పెట్టి పేరు చెబితే చాలు. అయితే ఒకే రకం చూపించి ఆపేయకండి. ‘కప్’ అంటే ఇంట్లో ఉన్న ఆ నీలం పింగాణీ కప్పు ఒక్కటే అనుకునే ప్రమాదం ఉంది. స్టీలుది, ప్లాస్టిక్‌ది, పెద్దది, చిన్నది చూపించండి. పక్కనే ఒక గ్లాసు పెట్టి “ఇది కప్ కాదు, దీనికి పట్టుకునే చెవి లేదు చూడు” అనండి. మాట నేర్చుకునే కొత్తలో పిల్లలు నాలుగు కాళ్ళున్న ప్రతి జంతువునూ ‘డాగ్’ అనడం మామూలే. ఏది అవునో, ఏది కాదో పక్కపక్కన చూపిస్తే ఆ హద్దు తెలుస్తుంది.

3. పని మాటలైతే చేసి చూపించండి, వాళ్ళతో చేయించండి

ఇలాంటి మాటలకు వంటిల్లే మంచి బడి. దోసెల పిండి గిన్నెలోకి వంచేటప్పుడు ‘పోర్’, మజ్జిగ కలియబెట్టేటప్పుడు ‘స్టర్’, ఉడికిన బంగాళదుంప తొక్క తీసేటప్పుడు ‘పీల్’, నిమ్మకాయ పిండేటప్పుడు ‘స్క్వీజ్’, ఆరిన బట్టలు మడత పెట్టేటప్పుడు ‘ఫోల్డ్’. ముందు మీరు చేస్తూ మాట అనండి. తర్వాత మీరు అనండి, వాళ్ళు చేస్తారు. వాళ్ళు నోరు విప్పి చెప్పాల్సిన అవసరం ఇంకా లేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960ల్లో ఇలాంటి పద్ధతినే రూపొందించారు. కొత్త భాష నేర్చుకునేవాళ్ళు ముందు విని, ఒంటితో స్పందించాలని, మాట్లాడటం తర్వాత దానంతటదే వస్తుందని ఆయన చెప్పారు. ‘జంప్’, ‘టర్న్’, ‘స్టాప్’ లాంటివి వరండాలో ఆటగా ఆడించవచ్చు. కత్తి, పొయ్యి, వేడి నూనె దగ్గరి మాటలకు మాత్రం మీరే చేసి చూపించండి.

4. తెలుగులో రెండు మూడు మాటలుండి ఇంగ్లీషులో ఒక్కటే ఉంటే, అన్నీ చూపించండి

బియ్యమూ ‘రైస్’, అన్నమూ ‘రైస్’ అంటే పిల్లలు తికమక పడతారు. పొలంలో వడ్లను ‘ప్యాడీ’ అంటారని, దంచాక వచ్చేదీ ఉడికాక వచ్చేదీ రెండూ ‘రైస్’ అని డబ్బాలో బియ్యం, గిన్నెలో అన్నం పక్కపక్కన పెట్టి చెప్పండి. మామిడికాయ, మామిడిపండు రెండూ ‘మ్యాంగో’నే. తేడా చెప్పాలంటే ‘రా మ్యాంగో’, ‘రైప్ మ్యాంగో’ అనాలి.

చుట్టరికాల దగ్గర ఇది మరీ ముఖ్యం. మామయ్య, బాబాయి, పెదనాన్న, అందరూ ‘అంకుల్’. అత్త, పిన్ని, పెద్దమ్మ, అందరూ ‘ఆంట్’. అన్నా ‘బ్రదరే’, తమ్ముడూ ‘బ్రదరే’. ఇంట్లో ఉన్న పెళ్ళి ఆల్బమ్ తీసి ఒక్కొక్కరినీ వరసతో చెప్పించండి. ఆ తర్వాతే “వీళ్ళందరినీ ఇంగ్లీషులో ఇలా అంటారు” అని చెప్పండి. వరసలు ముందు గట్టిపడితే ఇంగ్లీషు మాట వాటిని చెరపలేదు.

5. ఇంగ్లీషులో రెండు మాటలుండి తెలుగులో ఒక్కటే ఉంటే, తేడాను ఒంటి మీదే చూపించండి

మనం ‘చెయ్యి’ అంటే భుజం నుంచి వేళ్ళ దాకా. ఇంగ్లీషులో మణికట్టు కింద ‘హ్యాండ్’, పైన ‘ఆర్మ్’. ‘కాలు’ కూడా అంతే: చీలమండ కింద ‘ఫుట్’, పైన ‘లెగ్’. చేతి వేలు ‘ఫింగర్’, కాలి వేలు ‘టో’. స్నానం చేయించేటప్పుడు సబ్బు రాస్తూ ఒక్కో చోటా ఒక్కో పేరు చెప్పండి. ‘పొడుగు’ అనే మాట కూడా ఇలాంటిదే. తాతయ్య పొడుగు, కొబ్బరి చెట్టు పొడుగు అంటే ‘టాల్’. తాడు పొడుగు, జడ పొడుగు అంటే ‘లాంగ్’. గోడకున్న గడియారం ‘క్లాక్’, చేతికున్నది ‘వాచ్’.

6. ‘వెయ్యి’, ‘తియ్యి’ లాంటి తెలుగు మాటలతో జాగ్రత్త

మనం లైటు వేస్తాం, తలుపు వేస్తాం, కూరలో ఉప్పు వేస్తాం, ముగ్గు వేస్తాం, దోసె వేస్తాం, చొక్కా వేసుకుంటాం. లైటు వెయ్యడం ‘స్విచ్ ఆన్’. తలుపు వెయ్యడం ‘క్లోజ్’. ఉప్పు వెయ్యడం ‘యాడ్’. ముగ్గు వెయ్యడం ‘డ్రా’. దోసె వెయ్యడం ‘మేక్’. చొక్కా వేసుకోవడం ‘వేర్’. తలుపు తియ్యడం ‘ఓపెన్’ అని నేర్చుకున్న పిల్లలు ఫొటో తియ్యడాన్ని కూడా ‘ఓపెన్’ అంటే తప్పు పట్టకండి. వాళ్ళు తెలుగును సరిగ్గానే అనుసరించారు. అందుకే ‘వెయ్యి అంటే ఇది’ అని ఒక్క మాటకు ఒక్క మాట చెప్పవద్దు. ‘స్విచ్ ఆన్ ద ఫ్యాన్’, ‘క్లోజ్ ద డోర్’ అని వస్తువుతో కలిపి జంటగా నేర్పండి.

దీనికి ఎదురు ఉదాహరణ ‘వేర్’. చీర కట్టుకుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం, గాజులు తొడుక్కుంటాం. ఇంగ్లీషులో అన్నిటికీ ‘వేర్’ చాలు. పండగ రోజు తయారయ్యేటప్పుడు ఈ మాట నేర్పితే ఒకేసారి అన్నీ కలిసొస్తాయి.

7. గుణాలను జంటలుగా చెప్పండి

‘హెవీ’ అంటే బరువు అని చెప్పేకంటే ఒక చేతిలో బియ్యం సంచి, ఇంకో చేతిలో మరమరాల సంచి పెట్టి ‘హెవీ’, ‘లైట్’ అనండి. ఉతికిన బట్ట ‘వెట్’, ఆరినది ‘డ్రై’. కొబ్బరి పీచు ‘రఫ్’, స్టీలు గ్లాసు ‘స్మూత్’. నిండు బిందె ‘ఫుల్’, ఖాళీ బిందె ‘ఎంప్టీ’. ‘బిగ్’, ‘స్మాల్’ చెప్పేటప్పుడు మూడు వస్తువులు తీసుకోండి: ఉసిరికాయ, నిమ్మకాయ, కొబ్బరికాయ. ఉసిరి పక్కన నిమ్మకాయ పెద్దది, కొబ్బరికాయ పక్కన అదే చిన్నది. పెద్దా చిన్నా అనేవి పోలికను బట్టి మారతాయని అప్పుడు తెలుస్తుంది. ‘హాట్’ మాట వేడికీ వాడతారు, కారానికీ వాడతారు. ఆవకాయ గురించి చెప్పేటప్పుడు ‘స్పైసీ’ అంటే గందరగోళం ఉండదు.

8. ఇన్, ఆన్, అండర్: బొమ్మను దాచి ఆడండి

తెలుగులో ‘లో’, ‘మీద’, ‘కింద’ పేరు తర్వాత వస్తాయి: డబ్బాలో, బల్ల మీద, మంచం కింద. ఇంగ్లీషులో ముందు వస్తాయి: ‘ఇన్ ద బాక్స్’, ‘ఆన్ ద టేబుల్’, ‘అండర్ ద కాట్’. ఈ తిరగేసిన వరస పిల్లల చెవికి అలవాటు కావాలంటే మాట ఒక్కదాన్నే కాక మొత్తం ముక్కను వినిపించాలి. ఒక చిన్న బొమ్మను దాచి “ఎక్కడుంది?” అని వెతికించండి. దొరికిన చోటును మీరు ఇంగ్లీషులో అనండి. గోడకు క్యాలెండర్, వేలికి ఉంగరం అని మనం అనే చోట కూడా ఇంగ్లీషులో ‘ఆన్’ వస్తుంది. ఇలాంటివి ఎదురైనప్పుడు చూపించండి, సూత్రం చెప్పకండి.

9. కంటికి కనబడని మాటలకు ‘అనుకో’ వాక్యం వాడండి

‘షేర్’ అంటే ‘పంచుకొనుట’ అని చెబితే నాలుగేళ్ళ పిల్లకు రెండు మాటలూ తెలియనివే అవుతాయి. “నీ దగ్గర నాలుగు జంతికలు ఉన్నాయనుకో. రెండు తమ్ముడికిచ్చి రెండు నువ్వు తిన్నావనుకో. అది షేర్ చేసుకోవడం” అనండి. ‘వెయిట్’ అంటే: “అమ్మ పాలు కాస్తోంది. నువ్వు అల్లరి చెయ్యకుండా అక్కడే కూర్చున్నావు. అదే వెయిట్ చెయ్యడం.” ‘ప్రామిస్’ అంటే: “సాయంత్రం పార్కుకు తీసుకెళ్తానని నాన్న మాటిచ్చారు. ఇచ్చిన మాట తప్పకూడదు.”

బ్రిటన్‌లో 1987లో జాన్ సింక్లెయిర్ సంపాదకత్వంలో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు పెద్దవాళ్ళ కోసం కూడా ఇదే దారి పట్టింది. అర్థాన్ని విడి మాటల్లో ఇవ్వకుండా, ఆ మాటను ఎప్పుడు ఎలా వాడతారో పూర్తి వాక్యంలో చెప్పింది. పెద్దవాళ్ళకే సందర్భం కావాల్సి వచ్చినప్పుడు పసివాళ్ళకు ఇంకెంత కావాలి!

10. మనసులోని భావాలకు ఆ క్షణంలోనే పేరు పెట్టండి

యాంగ్రీ, శాడ్, షై, టైర్డ్, స్కేర్డ్. బొమ్మ విరిగి ఏడుస్తున్నప్పుడు ముందు తెలుగులో ఓదార్చండి: “బాధగా ఉందా కన్నా?” శాంతించాక “ఇందాక నీకు శాడ్‌గా అనిపించింది కదా” అనండి. ఏడుపు మధ్యలో పాఠం వద్దు. కొన్ని మాటలకు తెలుగులో ఇంకో ఛాయ ఉంటుంది. ‘ప్రౌడ్’ను గర్వం అని వదిలేస్తే పొగరు అనుకునే వీలుంది. “నువ్వు అమ్మమ్మకు సాయం చేశావని నాకు చాలా సంతోషంగా, గొప్పగా ఉంది. అయామ్ ప్రౌడ్ ఆఫ్ యూ” అని మీ సంతోషంతోనే ఆ మాట అందించండి.

11. నిన్న, రేపు: క్యాలెండర్ ముందు నిలబెట్టండి

చాలామంది చిన్నపిల్లలకు జరిగిపోయినదంతా ‘యెస్టర్‌డే’, జరగబోయేదంతా ‘టుమారో’. తెలుగులో కూడా కొంతకాలం అలాగే అంటారు. కాబట్టి ముందు నిన్న, ఇవాళ, రేపు తెలుగులో స్థిరపడనివ్వండి. రోజుకొక కాగితం చింపే క్యాలెండర్ ఉంటే ఆ పని పిల్లలకే అప్పగించండి. చింపిన కాగితం ‘యెస్టర్‌డే’, కనబడుతున్నది ‘టుడే’, దాని వెనకున్నది ‘టుమారో’. మొన్న, ఎల్లుండి అనే ఒక్క మాటలకు ఇంగ్లీషులో ‘ద డే బిఫోర్ యెస్టర్‌డే’, ‘ద డే ఆఫ్టర్ టుమారో’ అని నాలుగేసి మాటలు కావాలి. వాటికి తొందర లేదు, ఆరేడేళ్ళ వయసులో నేర్పవచ్చు.

12. చూడని వస్తువును తెలిసిన దానితో మొదలుపెట్టి చెప్పండి

అక్షరమాల పుస్తకాల్లో ‘ఇగ్లూ’, ‘యాక్’, ‘జైలోఫోన్’ తప్పకుండా ఉంటాయి. బొమ్మ చూపి వదిలేస్తే అవి ఉత్త పేర్లుగానే మిగిలిపోతాయి. ‘స్నో’ చెప్పాలంటే పాత ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పేరుకునే తెల్లటి మంచును గీకి చేతిలో పెట్టండి. అలాంటి మంచు నేలంతా పరుచుకునే చల్లటి దేశాలు ఉన్నాయని చెప్పండి. కెనడా ఉత్తర కొసన, గ్రీన్‌లాండ్‌లో ఉండే ఇన్యూట్ ప్రజలు గట్టిపడిన మంచును దిమ్మెలుగా కోసి కట్టుకున్న గుడిసే ఇగ్లూ. యాక్ అంటే లద్దాఖ్ లాంటి హిమాలయ ప్రాంతాల్లో బతికే, ఒళ్ళంతా పొడవాటి జుట్టున్న పశువు. పుస్తకాల్లోని అడవి జంతువుల కోసం హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖ ఇందిరాగాంధీ జూ, తిరుపతి శ్రీవేంకటేశ్వర జూలలో మీకు దగ్గరున్న దానికి ఒకసారి తీసుకెళ్ళండి. అలాగే పుస్తకంలో లేని మన చుట్టుపక్కల పేర్లు చేర్చండి: జాస్మిన్, గ్వావా, బఫెలో, పీకాక్.

13. తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలను గుర్తు చేయండి

బస్సు, కారు, బల్బు, రోడ్డు, పెన్ను, బ్యాగు. చివర ‘ఉ’ తీసేస్తే ఇవి ఇంగ్లీషు మాటలే. “నీకు ఇప్పటికే ఇన్ని వచ్చు” అని చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది. కొన్ని మాత్రం మన దగ్గర అర్థం మార్చుకున్నాయి. మనకు ‘హోటల్’ అంటే ఇడ్లీ తినే చోటు, ఇంగ్లీషులో ముఖ్యంగా ప్రయాణికులు బస చేసే చోటు. మనకు ‘కవర్’ అంటే కూరగాయలు తెచ్చే ప్లాస్టిక్ సంచి, ఇంగ్లీషులో దేనినైనా కప్పేది. ఇలాంటివి బడి పుస్తకంలో వచ్చినప్పుడు రెండు అర్థాలూ చెప్పండి.

మాటలు ఇటు నుంచి అటు కూడా వెళ్ళాయని చెప్పడం మరచిపోకండి. మన ‘పందికొక్కు’ నుంచే ఇంగ్లీషుకు ‘బ్యాండికూట్’ వచ్చింది. ఆస్ట్రేలియాలోని ఒక జంతువుకు కూడా ఆ పేరే పెట్టారు. తన భాష ఇంకో భాషకు మాట ఇచ్చిందని తెలిసిన పిల్లలు రెండు భాషలనూ ఇష్టంగా చూస్తారు.

14. బొమ్మల పుస్తకాన్ని ఆపి ఆపి చదవండి

పేజీకొక ప్రశ్న వేయండి: “కోతి ఏం చేస్తోంది? ఎందుకలా దాక్కుంది? నీకెప్పుడైనా అలా భయమేసిందా?” జవాబు తెలుగులో చెప్పనివ్వండి. అందులోంచే ఒక మాటను ఇంగ్లీషులో అందించండి. ఇలా పిల్లలతో మాట్లాడిస్తూ చదివే పద్ధతి భాష పెరగడానికి తోడ్పడుతుందని అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన పరిశోధన చూపింది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు, ఇంగ్లీషు కథలు ఉచితంగా చదువుకోవచ్చు. చెన్నైలోని తూలిక ప్రచురణల్లో రెండు భాషలూ ఒకే పుస్తకంలో ఉన్నవి దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. పెద్ద పిల్లల పుస్తకం ఇంట్లో ఉంటే దాన్నే వాడుకోండి.

15. ఒక్కసారితో అయిపోయిందనుకోకండి, అందరి ముందూ పరీక్ష పెట్టకండి

1978లో సూజన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ నర్సరీ పిల్లలకు తెలియని ‘క్రోమియం’ అనే మాటను ఒక ఆకుపచ్చటి రంగుకు పేరుగా మాటల మధ్యలో వాడి చూశారు. ఒకటి రెండు సార్లు విన్నందుకే అదేదో రంగు పేరని కొందరు పట్టుకున్నారు. పూర్తి అర్థం మాత్రం అంత త్వరగా రాలేదు. మన పిల్లలూ అంతే. ‘ఫోల్డ్’ను బట్టల దగ్గర విన్నాక కాగితం పడవ చేసేటప్పుడు, దుప్పటి మడిచేటప్పుడు, చేతులు కట్టుకునేటప్పుడు మళ్ళీ వినాలి.

తప్పు చెబితే “కాదు” అని ఆపకుండా సరైన మాటను మీ వాక్యంలో కలిపి తిరిగి అనండి. బాబు “ఓపెన్ ద లైట్” అంటే “సరే, స్విచ్ ఆన్ ద లైట్ అంటావా? ఇదిగో వేశాను” అనండి. చుట్టాలు రాగానే “అంకుల్‌కు ఇంగ్లీషులో చెప్పు” అని నిలబెట్టడం మానేయండి. భయపడిన పిల్లలు తెలిసిన మాట కూడా మింగేస్తారు.

16. తెలుగును ధారాళంగా మాట్లాడండి, అమ్మమ్మకు టీచరు పదవి ఇప్పించండి

ఇంగ్లీషు రావాలని ఇంట్లో “హ్యాండ్స్ వాష్ చేసుకో, ఫుడ్ ఫినిష్ చెయ్యి” అని ముక్కలు కలిపి మాట్లాడితే పిల్లలకు నిండైన వాక్యం ఏ భాషలోనూ వినబడదు. తెలుగు అన్నప్పుడు పూర్తి తెలుగు, ఇంగ్లీషు అన్నప్పుడు చిన్నదైనా పూర్తి ఇంగ్లీషు వాక్యం వినిపించండి. సొంత భాషలో పెరిగిన ఆలోచన, చదివే నేర్పు రెండో భాషకు కూడా అందుతాయని కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979 నుంచీ చెబుతున్నారు. మన జాతీయ విద్యావిధానం 2020 కూడా వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలంటోంది.

అందుకే ఇంగ్లీషు రాని అమ్మమ్మ, నానమ్మ పిల్లలకు లోటు కాదు, బలం. కథలూ, సామెతలూ, పొడుపుకథలూ ఆమె చెప్పాలి. బదులుగా పిల్లలు బడిలో నేర్చిన మాటను ఆమెకు నేర్పాలి. “అమ్మమ్మా, పీల్ అంటే తొక్క తియ్యడం, ఇలాగ” అని చేసి చూపించిన పిల్లకు ఆ మాట నిజంగా వచ్చినట్టే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న మన పిల్లలకు ఇదే పని తిరగేసి చేయవచ్చు. వాళ్ళకు ‘స్టర్’ తెలుసు, ‘కలియబెట్టడం’ తెలియదు. అదే గరిటె, అదే గిన్నె పనికొస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఈ వారం వంటింటిని ఎంచుకోండి. పోర్, స్టర్, పీల్, హాట్, ఫుల్, ఈ అయిదు మాటలు చాలు. పని చేస్తూ అనండి, వాళ్ళ చేత చేయించండి. వారం చివర “స్టర్ అంటే ఏంటి?” అని అడగకుండా, గరిటె ఇచ్చి “స్టర్ ఇట్” అనండి. చేసి చూపిస్తే మాట వచ్చింది. చేయకపోతే ఇంకో వారం కలిసి కలియబెట్టండి. అర్థం తెలిసిన అయిదు మాటలు, అర్థం తెలియకుండా అప్పజెప్పే యాభై మాటల కంటే ఎక్కువ దూరం తీసుకెళ్తాయి.